ఊరంతా రసీదే

ముందు పోయినవి చెప్తాను. అక్కడి నుంచి మొదలుపెడితేనే నాకు నోరు వస్తుంది.

ఒక మగ్గం. దాని మీద సగం నేసిన చీర ఒకటి, ఇంకా రెండు చీరలకు సరిపడే పడుగు. ఇరవై ఆరేళ్ళు బాడుగ కట్టిన ఇల్లు. మా ఊరి హైస్కూల్లో పదో తరగతి హాజరు పట్టీలో పదిహేడో నంబరు. పరీక్షలు ఇంకా అరవై ఒక్క రోజులుండగా ఆ నంబరు ఎదురుగా గైర్హాజరు గుర్తులు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు గుర్తు పెట్టడం కూడా మానేశారు. ఆపైన, ఒక మనిషి మాటకు ఊళ్ళో ఉన్న విలువ. దీన్ని ఏ అంకెలో వేయాలో తెలియక చివర పెట్టాను.

రూపాయి మాత్రం ఒక్కటి కూడా పోలేదు. ఎవరు ఎప్పుడు తీసి చూసినా చదివింపుల పుస్తకంలో జమ, చేతిలో ఉన్న సొమ్ము సరిగ్గా సరిపోతాయి. నేను దొరక్కపోవడానికి అదే కారణం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. మా ఊరు కమలాపురం నుంచి బస్సులో నలభై నిమిషాలు, అంతవరకే. ఏడేళ్ళుగా ఇది మోస్తున్నాను. మోస్తున్నానని అనడం కూడా గొప్ప చెప్పుకోవడమేనేమో. ఈ ఏడేళ్ళలో నేను అన్నం మానలేదు, నిద్ర మానలేదు. నాలుగు కేజీలు లావయ్యాను.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాను. లారీ మీద బండలు పేర్చి ఉంటే దూరం నుంచి చూసి ఎన్ని చదరపుటడుగులో చెప్తాను, తేడా వస్తే ఒకటి రెండడుగులే. మా చుట్టుపక్కల పెళ్ళి ఎవరింట్లో జరిగినా చదివింపుల బల్ల దగ్గర కూర్చునేది నేనే. డబ్బు తీసుకోవడం, పుస్తకంలో రాయడం, మైకులో పేరూ మొత్తమూ చదవడం, మూడు పనులూ ఒక్కడినే. ఇది జరిగేనాటికి నూట నలభై మూడు పెళ్ళిళ్ళు చదివాను. ఊళ్ళో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. లెక్కలాయప్ప అంటారు. నాకున్న ఆస్తి ఆ పిలుపొక్కటే.

ఏడేళ్ళ కింద మా హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులు రేకుల షెడ్డులో నడిచేవి. ఎండాకాలం పిల్లలు తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చునేవారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఎనిమిది దాటగానే సగంమంది మానేసేవారు. మా బడిలోనే చదివి హైదరాబాదులో స్థిరపడ్డ ఒకాయన, ఊరు నాలుగు లక్షలు పోగుచేస్తే తాను ఇంకో నాలుగు లక్షలు వేస్తానన్నాడు. హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుదామని ఆయన ఆలోచన. అట్లా తిరిగితే యాభై వేలు కూడా రావని నేను చెప్పాను.

"బడికి పెళ్ళి చేద్దాం సార్" అన్నాను. "ఊరికి అన్నం పెడదాం. చదివింపులు పెడదాం."

మా దగ్గర చందా ఎగ్గొట్టడం తప్పు కాదు. చదివింపు ఎగ్గొట్టడం తప్పు. మైకులో పేరు వస్తుంది, పక్కన మొత్తం వస్తుంది, దాయాది వింటాడు. ఆలోచన నాదే. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తున్నాను, అంత మంచి ఆలోచన నాకు మళ్ళీ రాలేదు.

తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. యాభై అరవై మంది వచ్చారు. నేను లెక్క చెప్తుంటే బోర్డు మీద రాయడానికి హెడ్మాస్టరు గారు పదో తరగతి అమ్మాయిని నిలబెట్టారు. పేరు రాజేశ్వరి. మగ్గం నేసే నరసింహులు కూతురు. నరసింహులు నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు. ఆ వరసన ఆ పిల్ల నన్ను పెదనాయినా అనేది.

ఊళ్ళో రెండు వందల ముప్పై ఆరు ఇళ్ళు, నేసేవాళ్ళ వీధిలో అరవై నాలుగు, రెండు పల్లెల్లో ఒకదాంట్లో నలభై ఎనిమిది, ఇంకోదాంట్లో అరవై రెండు అని చెప్పాను. కాగితం చూడకుండా కూడి, "మొత్తం నాలుగు వందల యాభై ఎనిమిది. ఇంటికి ఎనిమిది వందల డెబ్బై అయిదు వస్తే సరిపోతుంది" అన్నాను.

ఆ పిల్ల రాయలేదు. సుద్దముక్క పట్టుకుని నా వైపు తిరిగింది.

"పెదనాయినా, నలభై ఎనిమిది రెండుసార్లు కూడినావు. మొత్తం నాలుగు వందల పదే. నువ్వు సెప్పినట్ల వసూలు సేస్తే నలభై ఒక్క వెయ్యి రెండొందల యాభై తక్కువొస్తాది."

ఆ తక్కువ కూడా నోటితోనే కట్టి చెప్పింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కిరాణా కొట్టు ఓబులేసు అన్నాడు, "ఏమప్పా లెక్కలాయప్పా, నీ పలక మీద సిన్నపిల్ల ఉమ్మేసి తుడిసింది గదా!" ఇక షెడ్డంతా నవ్వు. రేకులు మోగాయి. వెనక వరసలో నరసింహులు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. అది నన్ను చూసి నవ్విన నవ్వు కాదు, కూతుర్ని చూసుకుని నవ్విన నవ్వు. ఆ తేడా నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా దాన్ని నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఎందుకు? ఆ పిల్ల చెప్పింది నిజం. చెప్పకపోయి ఉంటే మేం నలభై వేలు తక్కువతో నిలబడి, అవతలి నాలుగు లక్షలు పోగొట్టుకునేవాళ్ళం. ఆమెకు నేను దండం పెట్టాలి. నేను కూడా నవ్వాను ఆ రోజు. "తెలివైన పిల్ల" అని తల నిమిరాను. చెయ్యి తల మీద ఉంది, లోపల ఏముందో ఆ చేతికి తెలుసు.

తర్వాత ఐదు వారాలు నేను పని చేసిన తీరు చూస్తే మీరు మెచ్చుకుంటారు. ఎవరు ఎవరి పెళ్ళికి ఎంత చదివించారో ఇరవై రెండేళ్ళది నా దగ్గర ఉంది. నాలుగు వందల పది ఇళ్ళకూ ఎదురుగా ఒక్కో అంకె వేశాను, ఆ ఇంటి నుంచి పరువు పిండితే ఎంత రాలుతుందో. ఎవరి తర్వాత ఎవరి పేరు చదవాలో వరస కట్టాను. మాటలు లేని అన్నదమ్ముల్లో ముందు తమ్ముడిది చదవాలి. పొలం గట్టు తగాదా ఉన్నవాళ్ళను పక్కపక్కన పెట్టాలి. అన్నం ముందు, చదివింపు తర్వాత. చెయ్యి కడుక్కునే నీళ్ళ డ్రమ్ము నా బల్ల పక్కనే పెట్టించాను. తిన్న చెయ్యి కడగాలంటే నా ముందుకు రావాల్సిందే. పిల్లల్ని తరగతుల వారీగా ముందు వరసల్లో కూర్చోబెట్టించాను, తండ్రి పేరు పక్కన ఎంత చదివారో పిల్లలు వినాలి, పిల్లలు వింటున్నారని తండ్రి చూడాలి. ఐదు వేలు, ఆపైన ఇచ్చినవాళ్ళ పేర్లు నల్ల నాపరాయి మీద చెక్కించి కొత్త గది గోడకు పెడతామని ప్రకటించాం. రాయి మా ఫ్యాక్టరీదే.

నరసింహులు ఎదురుగా నేను వేసిన అంకె నూట పదహార్లు.

చదివింపులకు రెండు రోజుల ముందు, పొద్దున పదింటప్పుడు, ఫ్యాక్టరీకి వచ్చాడు. కోత మిషన్ల చప్పుడు. తల మీద రాతి పొడి పడకుండా గొడుగులా తువ్వాలు పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాడు. బనీను లోపలి నుంచి మూట తీశాడు.

"ఐదు వేల నూట పదార్లన్నా. పాప మూడుతూర్లు ఎంచింది, నువ్వు గూడా ఎంచుకో."

నేను అతని ముఖం చూశాను. "ఇంత యాడిదప్పా నీకు?"

"ఆరు సీరల కూలి. సీరకు ఎనిమిదొందల యాభై లెక్కన ఐదు వేల నూరు. పదారు నా జోబీలోది." నవ్వాడు. "షావుకారు ఎప్పుడూ కూలి సేతికియ్యడు గదా, పాత బాకీలో పట్టుకుంటాడు. బడికి సామీ, రాయి మీద పేరు పడతాదని కాళ్ళు పట్టుకుంటే ఇడిసిపెట్టినాడు."

"రాయి మీద పేరు నీకెందుకప్పా?"

"నాకెందుకన్నా. పాపకు. మా నాయిన పేరు బడి గోడ మీద ఉండల్ల అంటాది. రోజూ సదువుకుంటా పోతాదంట."

నేను డబ్బు ఎంచాను. సరిపోయింది. అతను కొంచెం తటపటాయించాడు. "రసీదు లాంటిది ఏమన్నా ఇస్తావా అన్నా? షావుకారు అడిగితే సూపిచ్చేదానికి..."

అప్పుడు నేనన్న మాట ఇది. ఏడేళ్ళలో ఎన్నిసార్లు నాకు నేనే వినిపించుకున్నానో లెక్కపెట్టలేదు.

"సదివింపులకు రసీదులుంటాయా యాడన్నా? ఎవరన్నా ఇంటే నవ్వుతారు. ఆదివారం మైకులో సదువుతాం గదప్పా. ఊరంతా రసీదే."

అతను నాలిక కరుచుకున్నాడు. అడగకూడనిది అడిగానన్నట్టు సిగ్గుపడ్డాడు. మా వాళ్ళెవరైనా అంతే. చదివింపుకు కాగితం అడగడమంటే తీసుకున్నవాడిని దొంగ అనడమే. "తప్పయిందిలే అన్నా" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నప్పుడు నా మనసులో మోసం ఉందా? దీని మీద చాలా రోజులు కొట్టుకున్నాను. లేదనే అనుకుంటాను. ఆ మాట నేను నూట నలభై మూడు పెళ్ళిళ్ళలోనూ అన్నాను. మోసం తర్వాత నిమిషంలో పుట్టింది. అతను గేటు దాటుతుండగా పుస్తకం తెరిచి, అతని పేరు రాసి, పక్కన అంకె వేయబోయి ఆగాను. నేను నా తరఫున చదివించుకున్నది వెయ్యిన్నూట పదహార్లు. రాయి మీద నా పేరు ఉండదు, ఇతనిది ఉంటుంది. ఆ పిల్ల రోజూ దాన్ని చదువుకుంటూ పోతుంది. నా ముందు నుంచే పోతుంది.

నూట పదహార్లని రాశాను. మిగిలిన ఐదు వేలు నేను తీసుకోలేదు. దొంగను కాదు కదా నేను. పుస్తకం మొదటి పేజీ తీసి, మొదటి వరసలో రాశాను: గుప్తదానం, 5,000.

ఎవరైనా అడిగితే పొరపాటని చెప్పి దిద్దుకోవచ్చు అనుకున్నానా? అనుకోలేదు. ఆ రెండు రోజులూ చాలా హుషారుగా ఉన్నాను. ఇంట్లో పాట కూడా పాడానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఆదివారం సంగటి, కోడికూర, తినని వాళ్ళకు పప్పు. తీపికి ఓళిగలు, అదే బొబ్బట్లు, తలా రెండు. షామియానా కింద పన్నెండు వందల మంది తిన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను మైకు పట్టుకున్నాను.

"శుభమా అని మొదట గుప్తదానం! పేరు సెప్పొద్దన్న ఒక పుణ్యాత్ముడు, ఐదు వేలు!"

చప్పట్లు. నేసేవాళ్ళ వీధి జనం కూర్చున్న వైపు చూశాను. నరసింహులు కూడా కొడుతున్నాడు. చేతులు తల మీదికి ఎత్తి మరీ కొడుతున్నాడు.

తర్వాత నేను కట్టిన వరస కట్టినట్టే నడిచింది. తమ్ముడిది పదివేల నూట పదహార్లని నేను చదవగానే, అన్న డ్రమ్ము దగ్గర చెయ్యి కడుగుతూ కేక వేశాడు: "నాది పదైదు వేల నూట పదార్లు రాయి! వాని కంటే నేను ఒక సంగటి ముద్ద ఎక్కువే తింటా!" జనం ఈలలు. ఇచ్చిన అంకె దిద్దించుకోవడానికి మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు ఇరవై తొమ్మిది మంది. మూడింటికి నాలుగు లక్షలు దాటింది. దాటిందని నేను చెప్పగానే పిల్లలు లేచి గంతులు వేశారు. హెడ్మాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు.

అతని పేరు అప్పటిదాకా ఆపి ఉంచాను. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు చదవాలని.

"నేసేవాళ్ళ వీధి, నరసింహులు. నూట పదహార్లు."

అతను లేచి నవ్వుతూనే వచ్చాడు. పొరపాటని అతనికి అనుమానం కూడా లేదు. "అన్నా, తప్పు సదివినావు. ఐదు వేల నూట పదార్లు. మొన్న నీ సేతికే ఇచ్చినా గదా."

మైకు నా చేతిలో ఉంది. మీట బొటనవేలి కింద ఉంది. నొక్కితే ఆగిపోతుంది. నేను నొక్కలేదు. పుస్తకం అతని వైపు తిప్పి, మైకు అతని నోటి దగ్గర పెట్టాను.

"ఏముండాది సూసి సెప్పప్పా."

అతను వంగి చూశాడు. "నూట పదార్లు" అన్నాడు. అతని గొంతుతోనే ఊరంతా వినిపించింది.

"మరి తప్పు యాడుండాది? రసీదేమన్నా ఉండాదా?"

అతను నన్ను చూశాడు. "నువ్వే గదన్నా..." అని ఆగిపోయాడు. అతను నేసే చీరలకు నూలు ఇచ్చే షావుకారు అప్పటికే లేచాడు. ముందు వరస కుర్చీ ఆయనది. "ఏమిరా నరసింహులూ, బడికని సెప్పి నా కాడ ఐదు వేల నూరు ఎంచుకోని పోతివి. నూట పదార్లు ఇచ్చి మిగతాది యాడ పెడితివిరా?"

పదో తరగతి వరసలోంచి ఆ పిల్ల లేచింది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఏడుపు లేదు అందులో. కూడిక వేస్తోంది.

"పెదనాయినా, మొదట సదివినావు సూడు గుప్తదానం ఐదు వేలు. దానికి ఈ నూట పదార్లు కలిపితే మాదే. మా నాయినదే అది. రెండు ముక్కలు సేసి రాసినావు."

రెండు క్షణాలు పట్టింది ఆమెకు. నా లెక్కను ఆమె రెండోసారి దిద్దింది. ఆ షామియానా కింద నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం. మిగతావాళ్ళకు వినబడింది మాత్రం వేరే. పేరు చెప్పని పుణ్యాత్ముడి దానం కూడా తమదేనంటున్నారు.

"గుప్తదానం గూడా మీదేనా? రేపు బడి గూడా మీదేనంటారు!" ఎవరో అరిచారు. ఓబులేసు, "కోడికూర గూడా వాళ్ళే పెట్టినారేమో అడగండప్పా" అన్నాడు.

నేను మైకులో నిదానంగా అన్నాను. "అంకెలు పోగులు గాదమ్మా, తెగినకాడ ముడేసుకునేదానికి."

నవ్వు. షెడ్డులో నవ్విన నవ్వుకు ఇరవై రెట్లు, అక్కడ అరవై మంది, ఇక్కడ పన్నెండు వందలు. ముందు వరసల్లో ఆమె తరగతి పిల్లలు కూడా నవ్వారు. నాకు ఎలా ఉందో దాచను. చాలా బాగుంది. ఎండలో నడిచొచ్చి కడవలో నీళ్ళు తాగినట్టుంది. నరసింహులు కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటేదాకా చూసి, తర్వాతి పేరు చదివాను.

సాయంత్రం హెడ్మాస్టరు గారు, నేను లెక్క సరిచూశాం. గుప్తదానం కాక మూడు వందల డెబ్బై ఒక్క చదివింపు. అన్నీ పదహార్లతో ముగిసేవే కాబట్టి చివరి అంకెలు సరిచూడడం తేలిక, మూడు వందల డెబ్బై ఒకటిని పదహారుతో గుణిస్తే చివర ముప్పై ఆరు వస్తుంది, మొత్తానికీ అదే రావాలి. వచ్చింది. నాలుగు లక్షల ముప్పై ఆరు వేల ఎనిమిది వందల ముప్పై ఆరు. నేను చేసిన పని ఆ పరీక్షకు అందదు. విడగొట్టింది సరిగ్గా ఐదు వేలు, నేను చదివిన అబద్ధం కూడా పదహార్లతోనే ముగిసింది. హెడ్మాస్టరు గారు మొదటి పేజీలో గుప్తదానం మీద ఒక వేలు, నరసింహులు పేరు మీద ఒక వేలు పెట్టి కాసేపు చూశారు. తర్వాత పుస్తకం మూశారు. "మొత్తం సరిపోయింది గదా" అన్నారు. సరిపోయింది సార్ అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో నేను అడగలేదు. రెండు నెలల్లో ఆయన బదిలీ అయిపోయారు.

మూడో రోజు నరసింహులు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్టు కింద నిలబడ్డాడు.

"దుడ్డు అడగనన్నా. అది బడికే గదా ఇచ్చింది, పోనీ. ఒక్క మాట మైకులో సెప్పు సాలు. షావుకారు పడుగు ఎత్తకపోతానంటాండాడు."

"మైకు షామియానా వాళ్ళదప్పా. తీసకపోయినారు."

అదీ నేనన్న జవాబు. అతను తలూపాడు, నిజమే కదా అన్నట్టు.

షావుకారు పడుగు తెంపుకుని పోయాడు. పాత బాకీ కింద మగ్గం కూడా పట్టుకున్నాడు. వీధిలో వేరెవరూ నూలు ఇవ్వలేదు, బడి పేరు చెప్పి డబ్బు తిన్నవాడికి ఎవరిస్తారు? ఒక మంగళవారం వాళ్ళు డోనుకు పోయారు. అక్కడ లారీల దగ్గర మూటలు మోసే పని దొరుకుతుందని ఎవరో చెప్పారట. తండ్రి, తల్లి, కూతురు, రెండు పెట్టెలు. బస్సు మా ఫ్యాక్టరీ ముందు నుంచే పోయింది. నేను బండలు ఎంచుతున్నాను, ఎంచడం ఆపలేదు.

గదులు లేచాయి. మరుగుదొడ్లు కట్టారు. ఆ తర్వాత మా బడిలో ఆడపిల్లలు చదువు మానడం బాగా తగ్గింది. నల్లరాయి మీద నలభై ఒక్క పేర్లు చెక్కారు. నలభై రెండు ఉండాలి. అన్నిటి కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా వేశారు, లెక్కలు చూసినందుకు. వద్దనలేదు నేను.

అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. రాయి చెక్కే మనిషి నా పక్క షెడ్డులోనే ఉంటాడు, ఒక వరసకు గంట పని. ఆ గంట కోసం ఎందుకు నోరు తెరవలేదు? భయమా? మొదట్లో భయం కాదు. మొదటి రెండేళ్ళు నేను పశ్చాత్తాపపడలేదు, ఆ మాట మీకు స్పష్టంగా చెప్పాలి. తగిన శాస్తి అనే అనుకున్నాను. ఎవరికి, దేనికి శాస్తి అని నన్ను నేను అడగడానికి మూడో ఏడు పట్టింది. అడిగాక జవాబు దొరకలేదు. ఒక పిల్ల కూడిక సరిగ్గా చేసింది. అంతకుమించి వాళ్ళ వైపు నేరం ఎంత వెతికినా తేలలేదు.

పోయిన ఏడాది బండల లోడుతో డోనుకు పోయాను. లారీ తూకం వేయడానికి ఊరి బయట కాటా దగ్గర ఆపాం. కిటికీ వెనక బిల్లు రాస్తున్నది ఆమె. ఇరవై రెండేళ్ళుంటాయి ఇప్పుడు. వెంటనే గుర్తుపట్టాను. ఆమె కూడా గుర్తుపట్టింది, పెన్ను ఒక్క క్షణం ఆగింది. పెదనాయినా అంటుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది.

"బండి నంబరు సెప్పండి" అంది.

అండి అంది నన్ను. చెప్పాను. లారీ బరువు తీసేసి సరుకు బరువు నోటితోనే కట్టి రాసి, చీటీ కిటికీలోంచి తోసింది. నేను మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. చీటీ పట్టుకుని లారీ ఎక్కాను. మీ నాయన ఎలా ఉన్నాడని అడగలేదు. అడిగే హక్కు లేదని కాదు, చెప్తుందేమోనని.

పోయిన నెల మా బడి ప్రహరీగోడకు మళ్ళీ చదివింపులు పెట్టారు. మళ్ళీ నేనే. ఈసారి ఒక నిర్ణయం చేసుకుని కూర్చున్నాను. పుస్తకం మొదటి వరసలో రాసుకున్నాను, నరసింహులు పేరు, అంకె, పక్కన పాత బాకీ అని. షావుకారు ముందు వరసలోనే ఉన్నాడు, ముసలివాడయ్యాడు. ఓబులేసు ఉన్నాడు. ఆ రోజు నవ్విన పదో తరగతి పిల్లల్లో కొందరు పెళ్ళిళ్ళయి, చంకన పిల్లలతో వచ్చారు. వినాల్సిన వాళ్ళందరూ ఉన్నారు. మైకు పట్టుకున్నాను.

"ముందుగా ఒక పాత బాకీ ఉండాది" అన్నాను.

అందరూ నా వైపే చూశారు. ఆ వరస మీద నా వేలు ఉంది. నోరు తెరిచాను.

"పోయినతూరి షామియానా వాళ్ళకు ఎనిమిదొందలు ఎగ్గొట్టినామంట. ఈతూరి ఓబులేసు కట్టల్ల!"

నవ్వారు. ఓబులేసు లేచి నాకు దండం పెట్టాడు, మళ్ళీ నవ్వారు. నేను పేజీ తిప్పి రెండో వరస నుంచి చదివాను. ప్రహరీగోడకు కావలసింది వచ్చింది. దండ వేశారు.

అందుకే ఇది మీకు రాస్తున్నాను. నోటితో చెప్పలేనని తేలిపోయింది కనుక. రాస్తుంటే గుండె కొంచెం తేలికైన మాట నిజం. ఆ తేలిక నాది. వాళ్ళకు అందులో వాటా లేదు. మీరు నన్ను క్షమించినా తిట్టినా అది జమలో వేసుకోవడానికి రాదు, మీకు నేను బాకీ లేను. కాగితం మీద ఎంత ఒప్పుకున్నా చెల్లు కూడా పడదు. పోయింది మైకులో, తీరాల్సింది మైకులోనే.

నరసింహులు ఇచ్చింది ఐదు వేల నూట పదహార్లు. నేను చదివింది నూట పదహార్లు. ఈ రోజుకు నిలువ బాకీ, ఐదు వేలు.